క్వారీలో పారేసిన రాయిని చెక్కకుండా అలాగే నిలబెడితే అది కళ అవుతుందా?

రాళ్లబాబు_ఒంగోలు:

అందరికీ నమస్కారం. ముందే చెప్తున్నా, నేను ఆర్ట్ చదువుకోలేదు, బీకాం. చీమకుర్తి దగ్గర ఒక పాలిష్ యూనిట్లో డిస్పాచ్ చూస్తాను. స్లాబులు లెక్కపెట్టడం, లోడు ఎక్కించడం, బిల్లులు, ఆరేళ్లుగా ఇదే పని. మెరిసే చుక్కలున్న నల్లరాయి, గెలాక్సీ గ్రానైటు అంటారు, అదంటే మా వైపు అందరికీ ఒక రేటు, అడుగు ఇంత అని, అంతే. నాకూ మొన్నటిదాకా అంతే.

రెండు నెలల కిందట పని మీద క్వారీకి వెళ్తే డంపులో ఒక ముక్క కనిపించింది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగు మందం. మూల విరిగిందని పారేశారు. ఒక వైపు డ్రిల్లింగ్ గంట్లు, గొట్టాన్ని నిలువునా సగానికి చీల్చినట్టు, పైనుంచి కిందదాకా వరసగా. ఇంకో వైపు దానంతటది పగిలిన మొహం, గరుగ్గా, ఎండ పడితే ఆ చుక్కలు మెరుస్తాయి. పాలిష్ చేసిన స్లాబు మీద ఆ చుక్కల్ని రోజూ చూస్తాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు, దీని దగ్గర మాత్రం పదినిమిషాలు నిలబడిపోయా. ఓనర్ని అడిగితే నవ్వి తీసుకుపొమ్మన్నాడు. మేం ఉండేది అద్దెకి, పై వాటాలో. ఇంటాయన ఊళ్లో లేని రోజు చూసి ఆరుగురం మోకు కట్టి మెట్ల మీదుగా ఎక్కించాం, రెండు గంటలు పట్టింది. ఇప్పుడు బాల్కనీలో ఉంది.

సమస్య ఏమిటంటే దాన్ని ముట్టుకోబుద్ధి కావట్లేదు. ఆదివారాలు చిన్న ముక్కల మీద గ్రైండరుతో ఏవో చేస్తుంటాను, చేప, ఆకు లాంటివి. దీన్ని మాత్రం అలాగే నిలబెట్టి ఉంచాలనిపిస్తోంది. మా ఫ్రెండ్ చూసి, అయితే డంపు మొత్తం కళేరా, లారీల్లో మ్యూజియానికి పంపుదాం అన్నాడు. నాన్న అయితే కనీసం వినాయకుణ్ణి చెక్కినా అర్థముంది అంటున్నాడు. యూట్యూబ్‌లో రాతి శిల్పం అని కొడితే అన్నీ ముసుగేసుకున్న పాలరాతి అమ్మాయిలే వస్తున్నారు, ముసుగులోంచి మొహం కనపడేలా చెక్కడం గొప్పే, కాదనను, కానీ నేను వెతికేది అది కాదు.

ఇప్పుడు బతికున్నవాళ్లలో, లేదా ఈ యాభై అరవై ఏళ్లలో, రాయిని రాయిలా ఉంచి పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేక నాది బద్ధకమా?

---

ఉలి_సుత్తి_ఆళ్లగడ్డ:

బాబూ, బద్ధకమే.

కోపం తెచ్చుకోకు. నాకు పన్నెండో ఏట ఉలి చేతికిచ్చారు, ఇప్పుడు యాభై రెండు. మా దగ్గర రాయిని ముందు వింటారు. సుత్తితో తడితే గంటలా మోగితే పురుష శిల, కంచు పళ్లెంలా సన్నగా మోగితే స్త్రీ శిల, మోగకపోతే నపుంసకం, అది విగ్రహానికి పనికిరాదు, పీఠం కిందకో మెట్టుకో పోతుంది. నీ ముక్క మూల విరిగింది అంటున్నావు, అంటే లోపల ఇంకెక్కడ చీలిక ఉందో. బిందెడు నీళ్లు పోసి ఆరనివ్వు. అంతా ఆరిపోయాక ఎక్కడైనా గీతలా తడి మిగిలితే అదే చీలిక. అది చూడకుండా బాల్కనీలో నిలబెట్టడం మంచిది కాదు, కింద పిల్లలు తిరుగుతారు.

ఇక కళ సంగతి. రాయిని తెచ్చి నిలబెట్టినవాడు కళాకారుడైతే హైడ్రా క్రేను డ్రైవరు నీకన్నా పెద్ద కళాకారుడు. మా ఆళ్లగడ్డ శిల్పాలకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి పని అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చింది, మాకే కాదు పల్నాడులో దుర్గి వాళ్లకీ వచ్చింది. మంచిదే. అయినా మేం చెక్కిన విగ్రహం కింద మా పేరు ఉండదు. ఒక ఊళ్లో నాలుగు నెలలు కూర్చుని ద్వారపాలకుల్ని చెక్కితే శిలాఫలకం మీద కాంట్రాక్టరు పేరు, దాత పేరు, ఆయన మనవడి పేరు కూడా వేశారు. మీరేమో చెక్కకుండానే పేరు అడుగుతున్నారు.

---

మాసాబ్‌ట్యాంక్_శిల్పం:

రాళ్లబాబు గారూ, మీరు వెతుకుతున్న మనిషి ఉన్నాడు, పేరు ఉల్రిష్ రుక్రీమ్. జర్మన్, 1938లో పుట్టాడు. రాతి పనివాడిగా మొదలయ్యాడు, కొలోన్ కెథడ్రల్ అనే పెద్ద చర్చి మరమ్మతుల షెడ్డులో కూడా పనిచేశాడు. అరవైల చివర్లో ఆయన చేసింది ఏమిటంటే, క్వారీలో ఒక బ్లాకు తీసుకుని, మీ వాళ్లు చేసినట్టే వరసగా డ్రిల్ చేసి, చీల్చి, ఆ ముక్కల్ని మళ్లీ మొదట ఎలా ఉన్నాయో అలాగే పేర్చి నిలబెట్టాడు. అంతే. డ్రిల్ గంట్లు కనిపిస్తుంటాయి, చీలిన గీత కనిపిస్తుంటుంది. రాయి ఆకారం మారలేదు, అయినా అది ఇప్పుడు వేరే వస్తువు, ఎందుకంటే దాన్ని ఎలా విడదీశారో మొత్తం దాని ఒంటి మీదే రాసి ఉంది. మీరు డంపులో పదినిమిషాలు నిలబడిపోయింది దానికోసమే అని నా అనుమానం. నున్నటి స్లాబు మీద మనిషి చేసిన పని కనపడదు, దాన్ని చెరిపెయ్యడమే కదా పాలిషంటే. మీ ముక్క మీద అది చెరగలేదు.

(నేను హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో స్కల్ప్చర్ చేశాను. నాలుగేళ్లలో రాయి మీద పనిచేసింది ఒకే సెమిస్టరు, మిగతాదంతా మట్టి, ప్లాస్టర్, ఫైబర్. రాయి ఖరీదు, బరువు, చప్పుడు. పక్క డిపార్ట్‌మెంటు వాళ్లు కంప్లయింటు ఇచ్చేవాళ్లు. మన తెలుగు శిల్పుల్లో ప్రపంచమంతా తెలిసిన రవీందర్ రెడ్డి గారి పెద్ద పెద్ద తలలు కూడా ఎక్కువగా ఫైబర్‌గ్లాసే, రాయి కాదు. చుట్టూ ఇంత రాయి పెట్టుకుని మనం ఫైబర్ పోస్తుంటామని నాకు ఎప్పుడూ ఒక గొణుగుడు ఉంటుంది.)

రెండోవాడు లీ ఉఫాన్, 1936లో కొరియాలో పుట్టి జపాన్‌లో స్థిరపడ్డాడు. ఆయన రాయిని అస్సలు చెక్కడు. ఒక ఇనప రేకు, దాని ఎదురుగా ఒక బండ. మధ్యలో ఖాళీ. 1968లో ఒక గాజు పలక మీద రాయి పడేశాడు, పలక పగిలింది, పగిలిన గాజు మీద ఆ రాయి అలాగే ఉంది, అదే పని. ఫొటోలో చూస్తే ఇదేంటి అనిపిస్తుంది, ఒప్పుకుంటా. కానీ ఆయన ఆ ఒక్క బండ కోసం చాలా వెతుకుతాడు, మరీ అందంగా ఉన్నా, ఏదో జంతువులా కనిపించినా పక్కన పెట్టేస్తాడు. ఏ రాయి అన్నదీ ఎక్కడ ఎంత దూరంలో అన్నదీ తప్ప చేతిలో ఇంకేమీ మిగుల్చుకోలేదు కాబట్టి తప్పు చేస్తే దాచడానికి చెక్కడం అనే అడ్డం కూడా లేదు. నాకు అది చెక్కడం కన్నా తేలిక అని అనిపించదు.

ఉలి_సుత్తి గారూ, మీ కోపం నాకు అర్థమైంది, కానీ మీరు మీ కోపాన్ని తప్పు మనిషి మీద చూపిస్తున్నారు. ఇసాము నొగూచి అని జపనీస్ అమెరికన్ శిల్పి, 1988లో పోయాడు. చివరి ఇరవై ఏళ్లు ఏటా కొన్ని నెలలు జపాన్‌లో షికోకు దీవిలో మురే అనే రాతి పనివాళ్ల ఊళ్లోనే గడిపాడు, అచ్చం మీ ఆళ్లగడ్డలాంటి ఊరు. అక్కడ మసతోషి ఇజుమి అనే రాతి పనివాడు ఆయనతో కలిసి పనిచేశాడు. ఆ చివరి రోజుల బసాల్ట్ రాళ్లు చూడండి, బండ పై చర్మం తుప్పు రంగులో అలాగే ఉంటుంది, ఒక్క చోట మాత్రం లోపలికి కోసి నల్లగా మెరిసేలా పాలిష్ పట్టి ఉంటుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే ఆ పనంతా. ఇజుమి పేరు కూడా నొగూచి పేరుతో పాటే చెప్తారు ఇప్పుడు. మన దగ్గర అది జరగట్లేదు, అది నిజం.

ఇండియాలో అయితే బరోడా శిల్పి నాగ్జీ పటేల్ పనులు చూడండి, ఇసుకరాయి, గ్రానైటు, పాలరాయి. 2017లో పోయారు. ఆయన రాళ్లు రోలు, పొత్రం, విత్తనం లాంటి వాటికి దూరపు చుట్టాల్లా ఉంటాయి.

---

భూగర్భశాస్త్రం_మాస్టారు:

చిన్న సవరణ. మీది గ్రానైటు కాదు బాబూ. వ్యాపారంలో పాలిష్ పట్టే గట్టి రాయినంతా గ్రానైటనే అంటారు కానీ చీమకుర్తి గెలాక్సీ గాబ్రో జాతి రాయి. గ్రానైటులో క్వార్ట్జ్ అనే ఖనిజం బాగా ఉంటుంది, ఇందులో ఉండదనే చెప్పాలి. ఆ మెరిసే చుక్కలు బంగారం కాదు, రాగి కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. భూమి లోపల శిలాద్రవం చాలా నిదానంగా చల్లారితేనే అంత పెద్ద స్ఫటికాలు కడతాయి. వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. మీ ఫ్రెండుకి చెప్పండి, డంపులో ఉన్నది చెత్తే అయినా పాత చెత్త.

బరువు లెక్క. 2 × 1.5 × 1 అంటే 3 ఘనపుటడుగులు, ఈ రాయి ఘనపు మీటరుకి దాదాపు 3 టన్నులు, కాబట్టి మీ బాల్కనీలో 250 కిలోలకు పైగా ఉంది. గోడవారగా, దూలం మీదకు వచ్చేలా పెట్టారా? బాల్కనీ చివర అయితే ఇవాళే జరపండి.

గ్రైండరు వాడుతున్నాను అన్నారు, నీళ్లు పోస్తూ కొయ్యండి. గెలాక్సీలో క్వార్ట్జ్ తక్కువ కాబట్టి కొంత నయం, కానీ ఎర్ర గ్రానైటు, బూడిద గ్రానైటు ముక్కలు పొడిగా కోస్తే ఆ దుమ్ముతో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, అది వచ్చాక పోదు. ముఖానికి చేతిరుమాలు కట్టుకుంటే ఏమీ ఆగదు, సరైన మాస్కు కొనుక్కోండి. ఉలి గారి దగ్గర పనిచేసే కుర్రాళ్లకి కూడా ఇదే చెప్తున్నా.

కళ గురించి నాకు తెలిసింది ఒక్కటే. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం, 1982లో కట్టారు, ఆ నల్లరాయి బెంగళూరు దగ్గర్నుంచి వెళ్లింది. స్వీడన్, కెనడా రాయి వద్దన్నారని చెబుతారు, యుద్ధానికి వెళ్లనని పారిపోయిన కుర్రాళ్లు ఆ దేశాలకు చేరారని. డిజైన్ చేసేనాటికి మాయా లిన్ 21 ఏళ్ల కాలేజీ అమ్మాయి. ఆవిడ బొమ్మ పెట్టలేదు, జెండా పెట్టలేదు. నేలలోకి దిగిన రెండు నల్లటి గోడలు, వాటి మీద చనిపోయినవాళ్ల పేర్లు, 58 వేలకు పైగా. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను. ఆ పాలిష్‌లో మన మొహం కనిపిస్తుంది, మన మొహం మీదుగా పేర్లు వెళ్తుంటాయి. పాలిష్ అంటే పనిని చెరిపెయ్యడమే అని పైన అమ్మాయి రాసింది, అక్కడ మాత్రం నాకు అలా అనిపించలేదు.

---

మాసాబ్‌ట్యాంక్_శిల్పం:

మాస్టారూ, ఒప్పుకున్నాను. అక్కడ పాలిష్ లేకపోతే ఆ పనే లేదు.

---

లీడ్స్_లక్ష్మి:

రాయి గురించే మాట్లాడుతున్నారు, ఖనిజాల సంగతి కూడా ఎవరైనా ఎత్తుతారేమో అని చూశా, నేనే రాస్తున్నా. మైలుతుత్తం తెలుసు కదా, మా తాత ద్రాక్ష తోటకి సున్నంతో కలిపి కొట్టేవాడు, నీలం మరకలు పంచె మీంచి పోయేవి కావు. రోజర్ హయోర్న్స్ అనే ఆయన 2008లో లండన్‌లో, కూల్చడానికి సిద్ధంగా ఉన్న ఒక గవర్నమెంటు ఫ్లాటు తీసుకుని, దాన్ని నీళ్ల ట్యాంకులా మూసేసి, పై అంతస్తులోంచి 75 వేల లీటర్ల మైలుతుత్తం ద్రావణం వేడివేడిగా లోపలికి పోశాడు. కొన్ని వారాలు చల్లారనిచ్చి మిగిలిన నీళ్లు తోడేశారు. తలుపు తీస్తే గోడలు, సీలింగు, బాత్‌టబ్బు, అన్నిటి మీదా నీలం స్ఫటికాలు. దాని పేరు సీజర్ (Seizure). ఆయన ఒక్క స్ఫటికాన్ని కూడా చేత్తో చెయ్యలేదు, అవే పెరిగాయి. 2009లో బ్రిటన్‌లో కళకి ఇచ్చే టర్నర్ ప్రైజు ఫైనల్ దాకా వెళ్లింది. 2013లో ఆ లోపలి భాగాన్ని మొత్తంగా పెకలించి యార్క్‌షైర్ స్కల్ప్చర్ పార్కుకి తీసుకొచ్చారు, అది మాకు దగ్గరే. 2016లో వెళ్లాను.

లోపల ఎలా ఉంటుందంటే, అందంగా ఉంటుంది, కానీ రెండు నిమిషాలయ్యాక ఎవరో ఉన్న ఇల్లు ఇది అని గుర్తొస్తుంది. స్నానాల తొట్టి చూసినప్పుడు ముఖ్యంగా. నాకు ఎందుకో తాత స్ప్రే డబ్బా వాసన వచ్చింది, నిజానికి అక్కడ వాసనేమీ లేదు.

ఇంకొకాయన వోల్ఫ్‌గాంగ్ లైబ్, జర్మనీ. డాక్టరీ చదివి, వదిలేశాడు. చిన్నప్పటి నుంచి మదురై వైపు ఊళ్లకి రాకపోకలు ఉన్నాయి ఆ కుటుంబానికి, అక్కడ తాగునీటి మీద చదువు కూడా చేశాడు. 1975లో ఆయన చేసిన పని, ఒక తెల్ల పాలరాతి పలక, పైన కనీకనపడనంత లోతుగా అరగదీసి, అందులో పాలు పోస్తాడు. పాలు అంచుదాకా నిండి పాలరాయీ పాలూ ఒకటే తెలుపుగా కనిపిస్తాయి. సాయంత్రం తీసేసి, తుడిచి, మర్నాడు మళ్లీ పొయ్యాలి, లేకపోతే విరిగిపోతాయి. మ్యూజియం వాళ్లు రోజూ చెయ్యాల్సిందే. మా అత్తగారికి ఫొటో చూపిస్తే ఇందులో కొత్తేముంది, రోజూ మన గుళ్లో చేసేదే కదా అన్నారు. నేను కాదనలేకపోయాను. ఆయన కూడా కాదనడేమో.

అన్నట్టు లండన్‌లో ఉండే మన శిల్పి అనీష్ కపూర్‌ని మర్చిపోయాం. 1979లో ఇండియా వచ్చి వెళ్లాక నేల మీద రంగు పొడి కుప్పలు పోయడం మొదలుపెట్టాడు, మన కుంకుమ కొట్లో పోసినట్టే కోసుగా. తర్వాత ఇసుకరాయి దిమ్మలకి పైన చిన్న కన్నం చేసి లోపల ముదురు రంగు పొడి పూశాడు. తొంగి చూస్తే అడుగు తెలియదు. బరువైన దిమ్మ, లోపలేమో ఏమీ లేనట్టు. 1990లో వెనిస్ బియనాలే అనే పెద్ద కళా ప్రదర్శనలో పెట్టారు వాటిని.

---

ఉలి_సుత్తి_ఆళ్లగడ్డ:

అందరూ రాసింది చదివాను. మా అబ్బాయి ఆ రుక్రీమ్ రాళ్లు ఫోన్లో చూపించాడు. ఒకటి చెప్తా, అతను రాతి పనివాడే. చూస్తే తెలుస్తుంది. గంట్లు ఎక్కడ వేస్తే ఎక్కడ చీలుతుందో తెలియనివాడికి రాయి అంత తిన్నగా రాదు. కాబట్టి అతన్ని ఒప్పుకుంటున్నా. గాజు మీద రాయి పడేసినాయన్ని మాత్రం ఒప్పుకోను, అది మా మేనల్లుడు కూడా చేశాడు, వాడికి నాలుగేళ్లు, దెబ్బలు తిన్నాడు.

మా అబ్బాయే ఇంకొకటి కూడా చూపించాడు. అమెరికాలో మైకేల్ హైజర్ అనే ఆయన 340 టన్నుల బండని క్వారీ నుంచి లాస్ ఏంజెలెస్ మ్యూజియానికి 2012లో తెచ్చాడు. 11 రాత్రులు పట్టిందట, వందకు పైగా మైళ్లు, జనం రోడ్ల పక్కన నిలబడి చూశారట. ఇప్పుడు దాని కింద దారి తవ్వి ఆ బండ నెత్తిన ఉండగా నడుస్తారు. అది చూస్తే నాకు మన హుస్సేన్‌సాగర్ బుద్ధుడు గుర్తొచ్చాడు. రాయగిరి దగ్గర ఒకే రాయి, గణపతి స్థపతి గారి ఆధ్వర్యంలో చెక్కారు, ఇదీ 300 టన్నుల పైమాటే. 1990 మార్చిలో పడవ మీద తీసుకెళ్తుంటే ఒరిగి మునిగిపోయింది, మనుషులు పోయారు. 1992 డిసెంబరులో పైకి తీశారు. అప్పుడు నేను కుర్రాణ్ణి, మా గురువుగారు పేపరు చదివి రెండు రోజులు ఉలి పట్టలేదు. బండని తేవడం కూడా పనే అని హైజర్ చెబుతున్నాడేమో, అదైతే మాకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా పనిలో సగం అదే. దాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టలేదు, మేమూ లెక్కపెట్టలేదు.

బాబూ, నీ రాయి తడిపి చూశావా లేదా, అది చెప్పు ముందు.

---

రాళ్లబాబు_ఒంగోలు:

ఆలస్యంగా రాస్తున్నందుకు సారీ, నాలుగు రోజులు లోడింగ్ ఎక్కువగా ఉంది.

పెద్దాయనా, తడిపి చూశాను. విరిగిన మూల నుంచి లోపలికి జానెడు గీత ఒకటి తడిగా మిగిలింది, పైకి అసలు తెలియదు. మీరు చెప్పకపోతే చూసేవాణ్ణి కాదు. మిగతా రాయి మాత్రం తడితే ఖంగుమంటోంది. పురుష శిల అనుకుంటున్నా, మీరు వింటే గానీ తెలియదు, ఆడియో పెడతాను.

రుక్రీమ్ ఫొటోలు రాత్రి రెండింటిదాకా చూశాను అక్కా. ఒక సంగతి తట్టింది. మర్నాడు క్వారీకి వెళ్లి ఆ గంట్లు కొట్టింది ఎవరో కనుక్కున్నా. ఒడిశా నుంచి వచ్చిన ఒకాయన, పదకొండేళ్లుగా డ్రిల్లు మీదే ఉన్నాడు. నీ గంట్లు ఇంత తిన్నగా ఎలా వస్తాయి అంటే, నీడ చూసి కొడతానన్నాడు, పొద్దున్న పని అయితే రాడ్డు నీడ రాయి మీద తిన్నగా పడుతుందట, మధ్యాహ్నం కొట్టినవి తనకే నచ్చవట. నా ముక్క మీదివి పొద్దుటివో మధ్యాహ్నానివో ఫొటో చూసి చెప్పేశాడు. పొద్దుటివే. ఆయన పేరు రాసి రాయి కింద అంటించాలనుకుంటున్నా, ఆయన్ని అడిగాను, ఎందుకూ అని నవ్వాడు, వద్దనలేదు.

చీలిక వైపు ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు. అక్కడే విడదీసి మళ్లీ కలిపి పెడితే ఎలా ఉంటుందా అని ఒక ఆలోచన, కాకపోతే అది రుక్రీమ్‌ని కాపీ కొట్టడమే కదా. లేదా నొగూచిలా ఒక్క మొహానికే పాలిష్ పట్టి మిగతాది వదిలెయ్యడం. పాలిష్ అయితే మా యూనిట్లోనే అవుతుంది, రాత్రి షిఫ్టు వాళ్లు తెలిసినవాళ్లే.

మాస్టారూ, మీరు చెప్పిన బరువు లెక్క ఇంట్లో గట్టిగా చదివాను, అదే తప్పయింది. కింద వాటా వాళ్లు విన్నారు. ఇంటాయన నిన్న ఊరి నుంచి వచ్చేశాడు. ఆదివారంలోగా దింపెయ్యమంటున్నాడు. ఎక్కించినప్పుడు వచ్చిన ఆరుగురిలో ఇద్దరికి నడుం పట్టేసింది, ఫోన్ ఎత్తట్లేదు. ఒంగోల్లో చైన్ పుల్లీ అద్దెకిచ్చేవాళ్లు ఎవరైనా తెలుసా? ట్రైపాడ్‌తో సహా కావాలి, బాల్కనీ పిట్టగోడ మీదుగా సందులోకి దింపాలి, సందు ఏడడుగులే.